మా అమ్మ వార్డులో పదకొండో నంబరు

షమీమ్ ఫోన్ చేసేసరికి నేను జెద్దాలో, షరఫియా బజారులో ఒక దర్జీ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. లోపల అమ్మ జాకెట్లకి కొలతలిస్తోంది. విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. వచ్చిన దగ్గర్నుంచీ జెద్దా ఉక్కకి తన జాకెట్లన్నీ బిగుతైపోయాయని ఒకటే గొడవ. షమీమ్ నా చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ళది కడప, మాది నరసాపురం. ఇద్దరం పెరిగింది మాత్రం ఖమీస్ ముషైత్‌లో, ఒకే బిల్డింగులో, పై అంతస్తులో వాళ్ళు, కింద మేము. నేను చదువుకుని, టీచరు ఉద్యోగం వెతుక్కుని జెద్దా చేరాను. ఆమె అక్కడే పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయింది. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు పిల్లల సంగతులు, తరవాత మోకాళ్ళ నొప్పులు, ఆపైన అసలు విషయం. ఆ రోజు మాత్రం నేరుగా విషయంలోకి వచ్చేసింది.

“ఏమ్మే నిమ్మీ, ఇన్నావా? మన పదకొండో నంబరు పోయినాడంట. తెల్లారి నమాజు కాడ గుండె ఆగిపోయిందంట. మా ఆయన ఇప్పుడే చెప్పినాడు.”

నేను సరే అన్నాను. చావు కబురుకి సరే అనడమేమిటో నాకే తెలియదు. ఫోన్ సంచిలో వేసుకుని ఆ దుకాణం ముందు అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. శుక్రవారం సాయంత్రం షరఫియాలో తిరగడానికి చోటెక్కడిది? హోటళ్ళ ముందు పరోటా వాసన, కూరల బండ్లు, నెలకోసారి కలుసుకుని ఊరి కబుర్లు చెప్పుకునే మనవాళ్ళు ఫుట్‌పాత్ నిండా. వాళ్ళ భుజాలు తగులుతున్నా తిరిగాను. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది తేలలేదు. ట్యాక్సీ ఎక్కి రెండు సిగ్నళ్ళు దాటాక, ఇక లోపల ఉంచుకోలేక చెప్పేశాను.

“అమ్మా, ఆయన పోయాడట.”

“ఎవరే?”

“పదకొండో నంబరు.”

అమ్మ ఒళ్ళోని సంచి సర్దుకుంది. “పాపం, చిన్నోడే కదా,” అంది. అరవై దాటినవాణ్ణి ఆవిడ చిన్నోడంటే నాకు నవ్వు రాలేదు. ఆవిడ చూసినప్పుడు అతనికి ఇరవై మూడేళ్ళు. ఇంకో సిగ్నల్ దాటాక అడిగింది: “ఖమీస్ ఎల్లాలంటే విమానంలో ఎంతసేపు?”

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఈనాటి కుర్రకారుకి గుర్తుండే పేరు కాదు. ఖమీస్ వైపు కొండల్లో పుట్టి, జెద్దా వెళ్ళి పెద్ద క్లబ్బులో ఆడి, కొన్నాళ్ళు దేశం తరఫున కూడా ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు. పేరు రాయకపోవడానికి నా కారణం నాకుంది. ఒకసారి ఆ పేరు చెప్పకూడని చోట చెప్పాను.

ఖమీస్ అంటే సౌదీ అనగానే మనవాళ్ళు ఊహించుకునే ఇసక ఊరు కాదు. కొండమీది ఊరు. మధ్యాహ్నం దాటితే మబ్బు దిగి ఇళ్ళలోకి వచ్చేసేది, వానతో పాటు వడగళ్ళు పడేవి, బడికి స్వెట్టరు వేసుకుని వెళ్ళేవాళ్ళం. అబహా దారిలో కోతులు కార్ల మీదకెక్కి కూర్చునేవి. ఎయిర్‌బేస్ నుంచి జెట్ విమానాలు లేస్తే వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేవి. నాన్న ఏసీ మెకానిక్కు. చల్లటి ఊళ్ళో ఏసీలేమిటని అందరూ వేళాకోళం చేసేవారు. నిజంగానే పనికోసం ఘాటు దిగి కింద ఉడికిపోయే ఊళ్ళకి వెళ్ళి, రెండు మూడు రోజులకోసారి ముఖం నల్లబడి తిరిగొచ్చేవాడు. రాగానే కాళ్ళు కడుక్కుని, “అమ్మయ్య, చలి,” అని దుప్పటి కప్పుకుని నిద్రపోయేవాడు. అందుకని మా ఇంట్లో రోజు నాన్న చుట్టూ కాక అమ్మ డ్యూటీ చుట్టూ తిరిగేది.

అమ్మ ఎముకల వార్డులో స్టాఫ్ నర్సు. సిస్టర్ సుగుణ అంటే ఆస్పత్రిలో అందరికీ తెలుసు. డ్యూటీ నుంచి వచ్చి తెల్లబూట్లు గుమ్మం బయటే విడిచేది. లోపలికొచ్చి మోచేతుల దాకా డెట్టాల్ వేసి కడుక్కునేది. ఆ తరవాతే నన్ను ముట్టుకునేది. నాకు ఇప్పటికీ డెట్టాల్ వాసన వస్తే ఎవరో దగ్గరికి తీసుకోబోతున్నట్టు ఉంటుంది. బూట్ల లాగే వార్డు మాటలు కూడా గుమ్మం బయటే. ఎవరికి ఏం విరిగింది, ఎవరు ఏడ్చారు, ఎవరు డాక్టరుతో గొడవపడ్డారు, ఇలాంటివి మా ఇంట్లో వినబడేవి కావు. నేను అడిగితే, “మంచం మీద ఉన్నోళ్ళ సంగతి మనకెందుకు? రేపు మనం మంచం మీదుంటే మన గురించి చెప్పుకోరా?” అనేది. శుక్రవారం మధ్యాహ్నం నలుగురు సిస్టర్లు మా ఇంట్లో చేరి, కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాటలు పాడుకునేవారు, ప్రార్థన చేసుకునేవారు. ఆ తరవాత ఎండు చేపల పులుసు. ఆ వాసన పై అంతస్తుకి పోకుండా తలుపు సందుల్లో తడిగుడ్డ కుక్కేవాళ్ళం. కొన్ని మాటలు నాలుగు గోడలు దాటకూడదని నాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. అయినా తెలిసే ఒక మాట దాటించాను.

కార్డుల పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్పాలి. మా వీధి చివర బఖాలాలో, అంటే చిల్లర కొట్లో, ఒక రకం చూయింగ్ గమ్ అమ్మేవారు. గులాబీ రంగు బిళ్ళ, దాని వెనక ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ ఉన్న అట్టముక్క. బిళ్ళ మీది తియ్యటి పొడి కార్డుకి అంటుకుని ఉండేది, నాకితే కాసేపు ముఖం తుడిచినట్టు మెరిసేది. మిగతా పిల్లలు ఆటగాళ్ళందర్నీ పోగుచేస్తే నేను పదకొండో నంబరునొక్కణ్ణే పోగుచేశాను. ఎందుకతను అంటే చెప్పలేను. బంతి లేనప్పుడు కూడా పరిగెడుతూనే ఉండేవాడు. టీవీలో మిగతావాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే, ఇతను ఒక మూల ఊరికే అటూ ఇటూ కదులుతుండేవాడు. నేనూ అంతే, కుదురుగా కూర్చుని ఎరగను. వేరే ఆటగాళ్ళ కార్డులొస్తే బడిలో మార్చుకుని అతని కార్డులు తెచ్చుకునేదాన్ని. ముప్ఫై ఒకటి పోగయ్యాయి. వాటిలో చాలా రెండేసి, మూడేసి. అయినా ఒకేలాంటి రెండు కార్డుల్లో కూడా అచ్చు తేడాలు వెతికేదాన్ని, ఒకదాంట్లో చొక్కా పచ్చదనం ఎక్కువ, ఇంకోదాంట్లో ముఖం కాస్త ఎర్రన. కార్డు వెనక అరబీలో ఏదో రాసుండేది. షమీమ్‌కి ఖురాను చదువు వల్ల అక్షరాలు వచ్చు. మెట్ల మీద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది. అర్థం మాత్రం ఇద్దరికీ తెలిసేది కాదు. నాకు అరబీ అక్షరాలు అలా వచ్చాయి, అతని పుట్టిన ఊరితో, అతని ఎత్తుతో.

రానిది ఒక్కటే. గోల్ కొట్టి, రెండు చేతులూ చాపి, మోకాళ్ళ మీద జారుతున్న కార్డు. అది బఖాలా సాలెహ్ దగ్గరుంది. సాలెహ్ యెమెన్ వాడు, ముందుపళ్ళ మధ్య సందు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఆ కార్డుని గల్లాపెట్టె దగ్గర అద్దం కింద పెట్టుకున్నాడు. ఎన్నిసార్లడిగినా, “అది అమ్మేది కాదు బింత్, అది నాది,” అనేవాడు, బింత్ అంటే పిల్లా అని. నేను చాక్లెట్టు కొనడానికి వెళ్ళినా ఉప్పుకి వెళ్ళినా ఆ అద్దం మీద వేలితో రుద్ది వచ్చేదాన్ని.

ఆ రోజుల్లో రెండు మ్యాచులు వరసగా అతను కనబడలేదు. టీవీలో ఎందుకో చెప్పలేదు. విదేశాల్లో శిక్షణకి వెళ్ళాడని కొందరు, క్లబ్బు మారుతున్నాడని కొందరు. నేను అన్నం సరిగా తినడం మానేశాను. నవ్వొస్తుంది గానీ నిజం, పదేళ్ళ పిల్లకి అది పెద్ద దిగులే. అప్పుడొక సాయంత్రం అమ్మ డ్యూటీకి వెళ్ళేముందు నాకు తలకి నూనె పెడుతోంది. నేను కదులుతున్నాను, దువ్వెన చిక్కుపడుతోంది.

“కదలకు. ఒకటి చెప్తాను. ఎవ్వరికీ చెప్పకూడదు.”

“ఏంటమ్మా?”

“మీ పదకొండోవోడు మా వార్డులో ఉన్నాడు. మోకాలు. జెద్దాలో అయితే గోలవుతుందని ఇక్కడికొచ్చేడంట. ఎల్లుండి ఆపరేషను. పొద్దున్న నేనే సూది వేసేను. చిన్నపిల్లోడిలా కళ్ళు మూసేసుకున్నాడే.” అమ్మ నవ్వింది. తరవాత గొంతు తగ్గించి, “వాళ్ళమ్మకి కూడా ఇంకా తెలీదంట. ఆవిడకి గుండె జబ్బు. ఆపరేషను అయ్యేక ఊరెళ్ళి తనే చెప్పుకుంటానన్నాడు. నువ్వు బెంగపెట్టుకున్నావని చెప్పేను గానీ, ఇది ఇక్కడే మర్చిపో,” అంది.

అమ్మ తన నియమం తప్పడం నాకు తెలిసి అదొక్కసారే. నామీద ప్రేమతో తప్పింది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా కుర్చీలోంచి లేచి గది చుట్టూ ఒకసారి తిరిగి రావలసి వచ్చింది.

ఒక రోజంతా కడుపులో దాచుకున్నాను. బడిలో పాఠం వినబడలేదు. షమీమ్‌కి కూడా చెప్పలేదు, అంత గట్టిగా పట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం రొట్టెలకని బఖాలాకి వెళ్ళాను. సాలెహ్ ఎవరితోనో మాట్లాడుతున్నాడు, పదకొండో నంబరు పని అయిపోయిందట, బ్రెజిల్ వెళ్ళాడట అని. నేను నోరు మూసుకుని రొట్టెలు తీసుకోవచ్చు. తీసుకోలేదు. “కాదు,” అన్నాను.

“నీకేం తెలుసు బింత్, ఫుట్‌బాల్ గురించి?” అని నవ్వాడు సాలెహ్. ఆ పక్కనున్న మనిషి వెళ్ళిపోయేదాకా ఆగాను. ఆ తరవాత అద్దం మీద వేలు పెట్టి, “ఈ కార్డు ఇస్తే చెప్తాను,” అన్నాను. చాలా ఏళ్ళపాటు నాకు నేను ఈ భాగం మార్చి చెప్పుకున్నాను, నోరు జారిందని, సాలెహ్ ఎగతాళికి ఉడుక్కుని అనేశానని. అలా కాదు. నేనే బేరం పెట్టాను. అతను అద్దం ఎత్తి కార్డు చేతిలో పెట్టాడు. నేను ఆస్పత్రి పేరు, వార్డు, మోకాలు, అన్నీ చెప్పాను. “వల్లా?” అన్నాడు, దేవుడి మీద ఒట్టా అని. “వల్లా,” అన్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి ఆస్పత్రి ముందు కార్లు నిండిపోయాయి. హారన్లు, జెండాలు, పాటలు. అందరూ ప్రేమతో వచ్చినవాళ్ళే, అదే కదా దారుణం. ఆ తరవాతి రోజు పేపర్లో అతని మోకాలు గురించి, ఇక ఆడలేడేమో అన్న అనుమానం గురించి రాశారు. ఊళ్ళో ఎవరో వాళ్ళమ్మకి చదివి వినిపించారు. ఆవిడ ఏడుస్తూ ఒక పికప్ వెనకాల ఎక్కి కొండలు దిగి వచ్చిందట. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా మెట్ల మీద పెద్దవాళ్ళ మాటల్లో తెలిసింది. ఆ కార్డుని నేను ఒక్కసారి కూడా తీరిగ్గా చూడలేదు. పుస్తకంలో పెట్టాను, మంచం కింద పెట్టాను, మళ్ళీ తీసి స్వెట్టరు జేబులో పెట్టాను. ఎక్కడ పెట్టినా అక్కడికి కాలు వెళ్ళేది.

మూడో రోజు షమీమ్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. వాళ్ళ నాన్న మస్తాన్ మామ అదే ఆస్పత్రిలో వ్యాన్ డ్రైవరు, నర్సుల్ని హాస్టలు నుంచి తెచ్చి దింపేవాడు. పదకొండో నంబరుని విమానాశ్రయం నుంచి ఎవరికీ తెలియకుండా, ఆ నర్సుల వ్యాన్‌లోనే, తెరలు దించి తీసుకొచ్చింది ఆయనే.

“మా నాయినే బయట చెప్పినాడని అంటాండారు నిమ్మీ. ఇకామా గుంజుకున్న్యారు. శనివారం ఎగ్జిట్ కొట్టి పంపిచ్చేచ్చారంట. మా నాయిన ఖురాను మీద ఒట్టేసినా ఇన్లేదంట. మేమంతా పోవాల్సిందే.”

ఇకామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, అది పోతే ఇల్లూ పోయినట్టే. నేను ఆమె పక్కన కూర్చోలేకపోయాను. కిందకి దిగాను, మళ్ళీ ఎక్కాను, మళ్ళీ దిగాను. ఆ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో. ఆఖరికి ఇంట్లోకి వెళ్ళాను. అమ్మకి ఆ రోజు సెలవు. వంటింట్లో పీట మీద కూర్చుని ఎండు చేపల తలలు తుంచుతోంది. నేను గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను, బేరంతో సహా. ఏడవలేదు. ఏడిస్తే మాట రాదని భయం.

అమ్మ చేతిలో ఉన్న చేప తల తుంచింది. తరవాతది తుంచింది. గిన్నెలో ఉన్నవన్నీ పూర్తిచేసింది. లేచి చేతులు కడుక్కుంది, చాలాసేపు. నన్ను కొడుతుందనుకున్నాను, కొడితే బావుండుననుకున్నాను. “బట్టలు మార్చుకో,” అంది.

ముందు పైకి, మస్తాన్ మామ వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అప్పటికే సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. “నువ్వే చెప్పు,” అని అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. చెప్పాను. మస్తాన్ మామ మంచం అంచున కూర్చుని విన్నాడు. షమీమ్ వాళ్ళమ్మ ముఖం తిప్పుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ ఆ తరవాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, ఆ కోపం న్యాయమైనదే.

“సిస్టరమ్మా, బిడ్డ చెప్పిందని మీరు పోయి ఆడ చెప్తే మీ ఉద్యోగం?” అన్నాడు మస్తాన్ మామ.

“చెప్పింది నేను అన్నయ్యగారూ. పిల్లకి నేనే చెప్పేను. నేను చెప్పకపోతే దానికేం తెలుసు?”

“మీది పోతాది.”

“పోతే పోతుంది. మీది పోకూడదు.”

అక్కణ్ణుంచి ఆస్పత్రికి. సెలవు రోజైనా అమ్మ యూనిఫాం వేసుకుంది, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మేనేజరు గదిలో నన్ను బయట కుర్చీలో కూర్చోబెట్టింది. లోపల పెద్దగా అరుపులు వినబడ్డాయి, అమ్మ గొంతు మాత్రం వినబడలేదు. బయటికొచ్చి, నా చెయ్యి పట్టుకుని వార్డులోకి నడిచింది.

అతన్ని మొదటిసారి చూడడం అప్పుడే. కార్డుల్లో కంటే చిన్నగా ఉన్నాడు. కాలు పైకి కట్టి ఉంది. గడ్డం మాసింది. మంచం పక్కన నేలమీద పసుపు రుమాలు కట్టుకుని వాళ్ళమ్మ కూర్చుని ఉంది, చెవి దగ్గర రైహాన్ కొమ్మ గుచ్చుకుని ఉంది, మన తులసి లాంటి వాసన. అమ్మ తనకొచ్చిన వార్డు అరబీలో చెప్పింది, తప్పు నాది, నేను నా కూతురికి చెప్పాను, నా కూతురు బయట చెప్పింది అని. అతను అమ్మ వైపే చూశాడు, నా వైపు చూడలేదు.

“సిస్టర్, మా అమ్మకి నేను చెప్పుకోవలసింది కదా?” అన్నాడు. అంతే. తరవాత కిటికీ వైపు తిరిగాడు. నేలమీద ఉన్న ఆవిడకి విషయం అర్థమైందో లేదో తెలియదు, గుప్పెడు ఖర్జూరాలు తీసి నా చేతిలో పోసింది. నేను అవి తినలేదు, పారేయనూ లేదు, ఇంటిదాకా చెమట పట్టేలా పట్టుకునే ఉన్నాను.

మస్తాన్ మామ ఇకామా తిరిగి ఇచ్చేశారు. అమ్మని తీసెయ్యలేదు. పదిహేను నెలల కాంట్రాక్టు మిగిలి ఉంది, ఎముకల వార్డులో పదేళ్ళ అనుభవమున్న నర్సు మళ్ళీ దొరకడం కష్టం. అందుకని హఫర్ అల్ బాతిన్‌లో వాళ్ళకే ఉన్న ఇంకో ఆస్పత్రికి మార్చారు. దేశానికి ఈ చివర మేము, ఆ చివర అమ్మ. ఖమీస్‌లో ఆకాశం నుంచి వడగళ్ళు పడితే అక్కడ దుమ్ము పడేది. నాన్న ఘాటు దిగే పనులు మానుకుని ఊళ్ళోనే ఫ్రిజ్‌లు బాగుచేయడం మొదలుపెట్టాడు. పప్పు, అన్నం, గుడ్డు, మళ్ళీ పప్పు. నా జడ నాన్నే వేసేవాడు, వైరు మెలిపెట్టినట్టు గట్టిగా. ఏడాది గడిచాక ఒకరోజు షమీమ్ వాళ్ళమ్మ ఆ జడ చూసి, మాట్లాడకుండానే నన్ను కూర్చోబెట్టి విప్పి మళ్ళీ వేసింది. రెండు వారాలకోసారి ఫోను కేబిన్‌కి వెళ్ళి అమ్మతో మాట్లాడేవాళ్ళం. అమ్మ రెండుసార్లే రాగలిగింది. కార్డులు ఏమయ్యాయని అడిగితే నాకు నిజంగా తెలియదు. ఎవరికైనా ఇచ్చానో, ఇల్లు మారినప్పుడు పోయాయో. వెతకలేదు.

అమ్మ తిరిగొచ్చింది, ఇంకో ఆస్పత్రిలో చేరింది, మళ్ళీ బూట్లు గుమ్మం బయట విడిచింది. బయటికి చూస్తే అన్నీ యథాప్రకారమే. కానీ మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మ తలకి నూనె పెట్టేటప్పుడు కబుర్లు లేవు. నేను పరీక్షలో తప్పినా, కాలేజీలో ఒకణ్ణి ఇష్టపడినా, అతన్నే పెళ్ళి చేసుకున్నా, ఆ పెళ్ళి ఆరేళ్ళ కింద చెడినా, అమ్మకి ఫలితం మాత్రమే చెప్పాను. ఎందుకు, ఎలా అన్నవి చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఇప్పుడు నా క్లాసులో పిల్లలు తమ ఆటగాళ్ళ కార్డులు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని తెస్తారు. బబుల్ గమ్ లేదు, నాకడానికి తియ్యటి పొడి లేదు. కార్డు మీద వేలిముద్ర పడితే విలువ పోతుందట. పెద్ద పెద్ద ఆటగాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచి ఈ దేశానికి వచ్చి ఆడుతున్నారు. ఎవరికైనా మోకాలు దెబ్బతింటే వాళ్ళే ఆస్పత్రి మంచం మీంచి ఫొటో పెడతారు, ఎక్స్‌రేతో సహా. పిల్లలు దాని కింద గుండె బొమ్మలు పెడతారు. చూసినప్పుడల్లా లేచి బోర్డు తుడవడం మొదలుపెడతాను, ఆ పిల్లలకి ఎందుకో చెప్పలేను. నా చిన్నప్పుడు ఆడపిల్ల స్టేడియం గేటు దాటే ప్రసక్తే లేదు. ఇప్పుడు టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. ఒకసారి వెళ్ళాను కూడా. ఒక మూలన బంతి లేకుండా పరిగెడుతున్న ఒక కుర్రాణ్ణి చూసి, సగం ఆటకే లేచి వచ్చేశాను. ఏది మెరుగు, ఏది కాదు అని తూకం వేయబోతే నా తక్కెడ ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది, అందుకని వేయను.

మర్నాడు పొద్దున్న విమానానికి అమ్మా నేనూ వెళ్ళాం. షమీమ్ అబహా విమానాశ్రయానికి కారు తీసుకొచ్చింది, తనే నడుపుకుంటూ. వెనక సీట్లో అమ్మకి దిండు కూడా వేసింది. పరామర్శ ఇంట్లో ఆడవాళ్ళ గది వేరే. చుట్టూ గోడల వెంట కూర్చున్నారు, చిన్న కప్పుల్లో ఏలకుల కాఫీ తిరుగుతోంది. మీరెవరని ఎవరూ అడగలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళని అలా అడగరు. మా పక్కన కూర్చున్నావిడ ఆయన చెల్లెలట. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, అదే పాత వార్డు అరబీలో, “మోకాలు దెబ్బతిన్నప్పుడు నేను ఆయన నర్సుని,” అంది.

“ఏ మోకాలు? మూడుసార్లు కోశారు,” అంది ఆవిడ.

“మొదటిది. ఖమీస్‌లో. అందరూ గుమిగూడినప్పుడు.”

“ఆ, అది. ఆ తరవాత మా అమ్మ అన్నయ్యని ఎప్పుడూ నమ్మలేదు. ఎక్కణ్ణుంచి ఫోన్ చేసినా, బాగున్నానమ్మా అంటే, నిజం చెప్పు, కాలు ఎలా ఉంది, అనేది. పోయేదాకా అంతే.”

నాకు కూర్చోవడం చేతకాలేదు. కప్పు కింద పెట్టి, వచ్చీరాని అరబీలో అనేశాను: “బయట చెప్పింది నేను. అప్పుడు పదేళ్ళు నాకు.”

షమీమ్ నా మోచెయ్యి పట్టుకుంది. ఆయన చెల్లెలు పూర్తిగా నా వైపు తిరిగింది. “నాకు పన్నెండు,” అంది. “అమ్మతో పాటు ఆ పికప్ వెనకాల నేనూ వచ్చాను. అప్పటికి రెండేళ్ళయింది అన్నయ్య ఇంటికొచ్చి. మంచం మీద ఉన్నా సరే, కనబడ్డాడని నాకు సంతోషం వేసింది. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు.” తరవాత కాఫీ పాత్ర తీసుకుని నా కప్పు నింపింది. “తాగు,” అంది. క్షమించాననలేదు, తప్పనీ అనలేదు. నేను తాగాను.

సాయంత్రం షమీమ్ మమ్మల్ని విమానాశ్రయంలో దింపి, “మళ్ళా రాండమ్మా, ఈసారి చావుకు గాదు,” అని అమ్మని కౌగిలించుకుని వెళ్ళింది. మబ్బు దిగి రన్‌వే కనబడటం లేదు. ఇద్దరం పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్నాం. నేను లేచి నీళ్ళసీసా తెచ్చాను, మళ్ళీ లేచి బోర్డు చూసి వచ్చాను. మూడోసారి లేవబోతే అమ్మ నా దుపట్టా కొస పట్టుకుని లాగింది.

“కూర్చో.”

కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళుగా అడగనిది అడిగాను. “హఫర్‌లో ఉన్నప్పుడు నామీద కోపం ఉండేదా?”

“కోపం ఎందుకే?” అంది అమ్మ. “నీకు ఫోన్ చేసేదాన్ని కదా. అన్నం తిన్నావా అంటే తిన్నాను. స్కూలు ఎలా ఉంది అంటే బాగుంది. ఏడుస్తున్నావా అంటే లేదు. నాకు తెలుస్తూనే ఉండేది, ఇది నిజం చెప్పట్లేదు అని. నిజం చెప్పినందుకు అమ్మ దూరమైపోయిందని నీ బుర్రలో పడిపోయింది. ఇక నాకేమీ చెప్పదు ఇది, అనుకున్నాను. అక్కడ దుమ్ములో కూర్చుని ఏడ్చింది దానికే.”

“మరి వచ్చాకైనా అడగొచ్చు కదా?”

“అడిగితే ఇంకో బాగున్నాను చెప్తావని.” అమ్మ కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది. “నేనూ అంతే. ఒకసారి చెప్పి కాల్చుకున్నానని నోరు కుట్టేసుకున్నాను. ఇద్దరం ఇద్దరమే. పొద్దున్న నువ్వు అంతమంది ముందు ఆవిడతో చెప్పేసేవు కదా, అప్పుడనిపించింది, నాకూ చెప్తుందేమో అని.”

“ఏం చెప్పను అమ్మా?”

“ఆరేళ్ళయింది. నువ్వూ అతనూ ఎందుకు విడిపోయేరో నాకు తెలీదు. ఊళ్ళో అందరూ తలో మాటా అంటారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు, నాకు తెలిస్తే కదా. చెప్పు.”

మబ్బు వల్ల జెద్దా విమానం రెండు గంటలు ఆలస్యమని మైకులో అరబీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళు విసుక్కుంటూ లేచారు. అమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు కుర్చీ మీదకి మడుచుకుని, నా వైపు తిరిగి కూర్చుంది. నేను మొదలుపెట్టాను.